చిన్న కాలేజీ, దూరపు పరుగు

అమెరికాలో హైస్కూలు ముగించి ఇంకా పరుగెత్తాలనుకునే పిల్లలకు ఒక చిక్కు ఎదురవుతుంది. పెద్ద విశ్వవిద్యాలయం జట్టులో ఎక్కడో వెనక ఉండిపోవాలా, చిన్న కాలేజీ తరఫున పోటీలకు దిగాలా? 1973లో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ సభ్య సంస్థలను మూడు డివిజన్లుగా విడగొట్టాక ఈ చిక్కు ఇంకా ముదిరింది. మూడో డివిజన్ కాలేజీలు ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వవు. డబ్బు లేని చోట పోటీలో పసేం ఉంటుందని చాలామంది అనుకుంటారు. దూరపు పరుగు చరిత్ర చూస్తే అది నిజం కాదని తేలుతుంది.

ఆ విభజనకు ముందే, 1960ల్లో, కనెటికట్‌లోని వెస్లియన్ అనే చిన్న విద్యాసంస్థ జట్టులో జెఫ్ గాలొవే, యాంబీ బర్‌ఫుట్, బిల్ రోజర్స్ పరుగెత్తారు. బర్‌ఫుట్ ఇంకా చదువుకుంటూనే 1968లో బోస్టన్ మారథాన్ గెలిచాడు. గాలొవే 1972 ఒలింపిక్స్‌కు వెళ్లాడు. బర్‌ఫుట్‌తో ఒకే గదిలో ఉన్న రోజర్స్ ఆ తర్వాత బోస్టన్‌లో నాలుగుసార్లు, న్యూయార్క్‌లో నాలుగుసార్లు గెలిచాడు. జోన్ బెనాయిట్ కథ ఇంకా విలువైనది, ఎందుకంటే ఆమె రెండు వైపులా చూసింది. మెయిన్ రాష్ట్రంలోని బౌడిన్ కాలేజీలో చదువుతూ మధ్యలో స్కాలర్‌షిప్ మీద నార్త్ కరోలినా స్టేట్‌కు వెళ్లింది, మళ్లీ బౌడిన్‌కే తిరిగొచ్చింది. 1979లో బౌడిన్ బనియను తొడుక్కుని, టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుని, బోస్టన్‌లో 2 గంటల 35 నిమిషాల 15 సెకన్లలో మొదటి స్థానంలో నిలిచింది. 1984లో ఒలింపిక్ మహిళల మారథాన్ తొలి స్వర్ణం ఆమెదే.

నలుగురి పేర్లు చెబితే రుజువైనట్టేనా అని అడగవచ్చు. పైగా రోజర్స్ కాలేజీ తర్వాత కొన్నాళ్లు పరుగే మానేశాడు, బోస్టన్ క్లబ్బులో కోచ్ బిల్ స్క్వైర్స్ దగ్గరే రాటుదేలాడు. నిజమే, ఆ ఘనతంతా వెస్లియన్‌కు కట్టబెట్టలేం. కానీ బోస్టన్‌లో తొలిసారి గెలిచేనాటికి అతనికి 27 ఏళ్లు. దూరపు పరుగుకు కాళ్లు పండేది చాలామందికి కాలేజీ దాటాకే. కాబట్టి ఆ నాలుగేళ్లలో దక్కాల్సింది పోటీలో నిలబడే అవకాశం, పరుగు మీద చావని ఇష్టం. క్రాస్ కంట్రీ జాతీయ పోటీలో జట్టుకు ఏడుగురే దిగుతారు, అయిదుగురి స్థానాలే లెక్కకొస్తాయి. పెద్ద జట్టులో పదిహేనోవాడు ఎంత గట్టివాడైనా ఆ రోజు గట్టు మీదే ఉంటాడు. అదే కుర్రాడు చిన్న కాలేజీలో జట్టు ఫలితాన్నే మార్చగలడు.

ఖర్చు సంగతి తేలిగ్గా తీసేయలేం. ప్రైవేటు చిన్న కాలేజీల ఫీజులు భారీగా ఉంటాయి, అవసరాన్ని చూసి ఇచ్చే సాయం అందకపోతే ప్రభుత్వ విశ్వవిద్యాలయమే మేలు కావచ్చు. అయితే పెద్ద చోట డబ్బు ధారాళంగా దొరికేదన్నది భ్రమ. మొదటి డివిజన్‌లో పురుషుల ట్రాక్, క్రాస్ కంట్రీ రెండింటికీ కలిపి చాలాకాలం 12.6 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ముక్కలు చేసి పంచేవారు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ఆ పరిమితి ఎత్తేసి, అందులో చేరిన విశ్వవిద్యాలయాల్లో క్రాస్ కంట్రీ జట్టును 17 మందికి కుదించింది. స్కాలర్‌షిప్ లేకపోయినా జట్టుతో సాధన చేస్తూ ఎదిగే కుర్రాళ్లకు అక్కడ చోటు ఇంకా తగ్గింది.