వెచ్చాలు ఎక్కడ తేవాలి?

ఒకటో తారీఖు వస్తే మా ఇంట్లో చిన్న పంచాయితీ. చీటీ రాసేది నేనే అయినా, సరుకులు ఎక్కడ తేవాలో ఇంటిల్లిపాదీ చెబుతారు. మా ఆయన సూపర్ మార్కెట్ అంటారు. అమ్మాయి ఫోనులో ఆర్డరు పెట్టేద్దామంటుంది. అత్తగారు మాత్రం వీధి చివర పచారీ కొట్టు తప్ప మరో మాట ఎత్తనివ్వరు. "నలభై ఏళ్ల పద్దమ్మా మనది" అంటారు.

మొన్న ఆ పద్దు పుస్తకం తిరగేస్తుంటే నాకో సందేహం వచ్చింది. మన అమ్మమ్మలు, నాయనమ్మలు అసలు కొట్టును ఎంచుకునేవారా?

ఎంచుకోలేదనే అనిపిస్తుంది. మన కృష్ణా డెల్టాలో 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద వరి పెరిగింది. కానీ రైతు ఇంట్లో డబ్బు కనిపించేది సార్వా పంట నూర్చాకే. దాళ్వా ఉన్నచోట ఇంకోసారి. తొలకరి నుంచి సంక్రాంతి దాకా ఉప్పు, చింతపండు, కిరసనాయిలు అన్నీ ఉద్దరే. పద్దు రాసేది కొట్టాయన. చదువురాని ఇల్లాలికి అందులో ఏం రాశారో తెలియదు. బాకీ ఉన్నంతకాలం ఇంకో కొట్టు గుమ్మం ఎక్కడానికి మొహం చెల్లదు. ధర ఎక్కువైందని అడిగే నోరూ ఉండదు. అంటే ఆమె కొట్టును ఎంచుకోలేదు, బాకీయే ఆమెకు కొట్టును చూపించింది.

కొలతా అంతే. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. లెక్క మనకు కంఠతా వచ్చు గానీ, కొలిచే పాత్ర కొట్టాయనది. పైన కుప్పగా పోస్తాడా, చేత్తో చదును చేస్తాడా అన్నది ఆయన దయ. అందుకే మన ఆడవాళ్లు కొసరు అడగడం నేర్చుకున్నారు. అది పిసినారితనం కాదు, తగ్గినదాన్ని రాబట్టుకునే దారి. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1962 నాటికి కిలోలు, లీటర్లు దేశమంతటా తప్పనిసరి అయ్యాయి. అయినా మా నాయనమ్మ చివరిదాకా వీశెడు వంకాయలనే అడిగేది. వీశె అంటే సుమారు కిలో నాలుగు వందల గ్రాములు.

ఈ బాధ మనకొక్కరికే కాదు. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊళ్లో నేతపనివాళ్లు, ఇతర పనివాళ్లు 28 మంది కూడి 1844 డిసెంబరులో సొంతంగా ఒక సహకార కొట్టు తెరిచారు. కల్తీలేని సరుకు, సరైన తూకం, రొక్కం బేరం, ఇవీ వాళ్ల నియమాలు. ఉద్దర లేదు. ఉద్దర ఉంటే మనిషికి స్వేచ్ఛ ఉండదని వాళ్లకు అనుభవం మీద తెలిసింది.

మన వైపూ ఆ ఆలోచన వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో బర్మా జపాను చేతికి పోయి అక్కడి బియ్యం ఆగిపోయాయి. ధాన్యం మీద కంట్రోళ్లు, రేషన్ కార్డులు వచ్చాయి. 1946లో మద్రాసు ప్రధానిగా ఉన్న టంగుటూరి ప్రకాశం పంతులుగారు పండించేవాళ్లు, కొనేవాళ్లు కలిసిన సహకార సంఘాలను ప్రోత్సహించారు. 1952లో రాజాజీ బియ్యం కంట్రోలు ఎత్తేశారు. మళ్లీ వీధి కొట్టు, మళ్లీ పద్దు.

1977 నవంబరు 19 గురించి దివిసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. ఉప్పెనలో వేలమంది పోయారు. అది వరి చేతికొచ్చే వేళ. పంట వస్తే తీర్చాల్సిన బాకీలు పంటతోపాటే కొట్టుకుపోయాయి. మా అమ్మ పుట్టిల్లు అవనిగడ్డ వైపు. "చేతిలో డబ్బున్నా కొనడానికి కొట్టు లేదు, కొట్టున్నా అందులో సరుకు లేదు" అనేది అమ్మ. ఆ రోజుల్లో బయటి ఊళ్ల నుంచి లారీల్లో వచ్చిన బియ్యమే కడుపు నింపాయట.

నా లెక్కలో అసలు మార్పు 1983లో వచ్చింది. ఆ ఎన్నికల్లో గుడివాడ నుంచి కూడా గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్, కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టారు. మనిషికి 5 కిలోలు, కుటుంబానికి 25 కిలోల దాకా. క్యూలు, నూకలు, రాళ్లు అన్నీ నిజమే. కానీ అన్నం గింజ కోసం కొట్టాయన మొహం చూడనక్కర్లేకపోయింది. పద్దులో పెద్ద అంకె తగ్గింది.

ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం. 1990 నుంచి పొట్లం మీద పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర. ఆ దశాబ్దంలోనే ఊరూరా డ్వాక్రా పొదుపు సంఘాలు పెరిగి ఆడవాళ్ల చేతికి డబ్బులొచ్చాయి. 1999 జనవరిలో రైతు బజార్లు. ఆపైన మన చేత్తో మనమే బుట్టలో వేసుకునే సూపర్ మార్కెట్లు. ఇవన్నీ కలిస్తేనే ఈ రోజు నేను చీటీ పట్టుకుని "ఎక్కడ తేవాలి?" అని అడగగలుగుతున్నాను. ఈ ప్రశ్న మా నాయనమ్మకు లేదు.

అలాగని పెద్ద షాపులన్నీ చవకా కాదు. ఒకచోట "ఆఫర్" అని రాసిన కందిపప్పు పెద్ద ప్యాకెట్ ఇంటికి తెచ్చి కిలో లెక్క కట్టాను. మా వీధి కొట్టులో విడిగా అమ్మే పప్పుకన్నా ఆరు రూపాయలు ఎక్కువ పడింది. ఇటు పద్దు పుస్తకంలోనూ ఒక సంగతి కనిపించింది. రొక్కం ఇచ్చిన నెలా, ఉద్దర పెట్టిన నెలా ఒకే సరుకుకు ఒకే ధర లేదు.

అత్తగారికి చూపించాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మీ మావయ్యగారికి జీతం ఆగిన మూడు నెలలు మనకు పొయ్యి వెలిగింది ఆ పద్దుతోనే" అన్నారు. 2020 లాక్‌డౌన్‌లో గుమ్మం ముందు సంచి పెట్టి వెళ్లింది కూడా ఆ కొట్టు కుర్రాడే. అది ఏ బిల్లులోనూ కనబడదు.

చివరికి ఇలా అనుకున్నాం. నూనె, సబ్బులు, పొట్లాల సరుకు సూపర్ మార్కెట్లో, కిలో లెక్క చూసుకుని. కూరలు రైతు బజారులో. పప్పులు, చింతపండు, ఎండుమిర్చి, జీలకర్ర మా వీధి కొట్టులో, వాసన చూసి, రొక్కమిచ్చి. పాత బాకీ తీర్చేసి పద్దు మూసేశాం, కొట్టు మాత్రం వదల్లేదు.

మొదటి నెల డబ్బు చేతిలో పెడితే కొట్టాయన నొచ్చుకున్నారు. రెండో నెల ఆయనే అడగకుండా ధర తగ్గించారు. కొసరుగా నాలుగు యాలకులు కూడా వేశారు. అత్తగారు అవి కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చారు.