యాడున్నారప్పా?

కల్యాణదుర్గం దాటి కుందుర్పి వైపు సాగితే కనుచూపు మేర శనక్కాయ చేలు, రాతి గుట్టలు, ఎక్కడో ఒక ఊరు. ఈ చేలలో ఎవరినైనా పాము కరిస్తే 108కి ఫోన్ కొట్టడం కష్టమేమీ కాదు. అవతలి గొంతు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడమే కష్టం. ఎక్కడున్నారు?

రెడ్డిపల్లి అంటే సరిపోదు. రెడ్డిపల్లి, కొత్తపల్లి, చెర్లోపల్లి లాంటి పేర్లు ఈ సీమలో ఒకటికి నాలుగున్నాయి. మండలం చెప్పాలి, చేనికి దారి చెప్పాలి, దగ్గర్లో గుడో వంకో ఉంటే అదీ చెప్పాలి. చెప్పే మనిషికేమో భయంతో మాట పెగలదు.

అత్యవసర నంబరు పుట్టిన రోజుల్లో చిక్కు వేరు. 1935 నవంబరులో లండన్‌లోని విమ్‌పోల్ వీధిలో ఒక ఇల్లు తగలబడి అయిదుగురు మహిళలు చనిపోయారు. ఎదురింటాయన అగ్నిమాపక దళానికి ఫోన్ చేస్తే ఎక్స్ఛేంజిలో ఆ పిలుపు మామూలు పిలుపుల వరసలోనే ఆగిపోయింది. ఆ దుర్ఘటన మీద రేగిన ఆగ్రహం నుంచే 1937 జూన్ 30న 999 పుట్టింది. అమెరికాలో తొలి 911 పిలుపు 1968 ఫిబ్రవరి 16న అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ అనే చిన్న పట్నంలో మోగింది. అప్పట్లో ఫోన్‌కు తీగ ఉండేది, ఆ తీగకు ఒక ఇల్లుండేది. నంబరు తెలిస్తే చిరునామా దొరికేది. సెల్‌ఫోన్ వచ్చాక ఆ ముడి తెగిపోయింది.

అనంతపురం పల్లెల్లో తీగ ఫోనే అరుదు. 100, 101, 102 నంబర్లు బడి పుస్తకాల్లో ఉండేవి. కాన్పు కష్టమైతే నులక మంచం మీదో, ఎద్దుల బండిలోనో, ట్రాక్టరు దొరికితే ట్రాక్టరులోనో తీసుకుపోయేవాళ్లు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలై, వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో ఉమ్మడి రాష్ట్రమంతా పాకింది. వైద్యం, పోలీసు, అగ్నిమాపకం మూడింటికీ ఒకే నంబరు, పైసా ఖర్చు లేని పిలుపు, బండిలో అత్యవసర చికిత్సలో శిక్షణ పొందిన ఈఎంటీ, నడిపేందుకు పైలట్. కుయ్ కుయ్‌మంటూ వచ్చే ఆ బండి సీమ పల్లెకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. ఈ సేవను నెలకొల్పిన సత్యం కంపెనీ అధిపతి రామలింగరాజు 2009 జనవరిలో ఖాతాల కుంభకోణంలో చిక్కినా, నిర్వహణ జీవీకే సంస్థ చేతికి మారి సేవ నిలబడింది.

అయితే కుందుర్పి చేనులోంచి చేసిన ఫోన్ ఆనాడు హైదరాబాద్ శివారులోని కేంద్రంలో మోగేది. పాత అనంతపురం జిల్లా 19 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉండేది. మనవాళ్లు కూలికి వెళ్లే కువైట్ దేశం కన్నా పెద్దది. అంత నేలలో ఏ చేనో, ఎక్కడో కూర్చున్న ఉద్యోగికి ఎలా తెలుస్తుంది?

టవరు చెప్పగలిగింది కొంతే. పట్నంలో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఫోన్ ఏ పేటలో ఉందో అంచనా కట్టొచ్చు. ఊళ్లు దూరంగా విసిరేసినట్టున్న ఈ పీఠభూమిలో ఒక్కో టవరు కిలోమీటర్ల కొద్దీ నేలను మోస్తుంది. ఇక మడకశిర, రొళ్ల, అగళి, అమరాపురం వైపు ఇంకో తంటా. అక్కడ మన నేల కర్ణాటకలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. ఫోన్ అవతలి టవరును పట్టుకుంటే పిలుపు ఆ రాష్ట్ర కేంద్రానికి పోతుంది. 2008 నవంబరు నుంచి కర్ణాటకలోనూ నంబరు 108యే. మనిషి ఆంధ్రలో, పిలుపు కర్ణాటకలో. ఫోన్ మార్చి కలిపేలోగా పోయేది నిమిషాలే, కానీ పాము కరిచినవాడికి ఆ నిమిషాలే ప్రాణం.

2012 ఢిల్లీ సామూహిక అత్యాచార ఘోరం తర్వాత దేశమంతటికీ ఒకే నంబరు కావాలన్న మాట బలపడి, 2015లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 112ను సిఫారసు చేసింది. 2018 నవంబరులో హిమాచల్‌లో మొదలై, 2019 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకూ వచ్చింది. నంబరు ఒకటైంది గానీ చోటు సంగతి పూర్తిగా తేలలేదు.

దారి మాత్రం ఎప్పుడో దొరికింది. ఇంటర్నెట్ మీద నడిచే పిలుపు తన వెంట అక్షాంశ రేఖాంశాలను మోసుకుపోగలదు. ఆ చుక్క ఎవరి హద్దులో ఉందో చెప్పే పద్ధతికి 2008లోనే ప్రమాణం రాశారు. లాస్ట్ అని పిలిచే ఆ ప్రమాణం రాసిన నలుగురిలో కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు హెనింగ్ షుల్‌జ్‌రిన్ ఒకరు. ఫోన్ ఏ టవరును పట్టుకుందని అది చూడదు, మనిషి ఏ నేల మీద నిలబడ్డాడో చూస్తుంది. రొళ్ల మనిషి పిలుపు పక్క రాష్ట్రం టవరు మీదుగా వెళ్లినా మన కేంద్రానికే చేరాలంటే కావలసింది ఇదే.

2014లో బ్రిటన్‌లో ఇంకో తేలిక మార్గం మొదలైంది. అత్యవసర నంబరు నొక్కగానే ఫోన్ తనంతట తానే జీపీఎస్ తెరిచి, చోటును ఒక ఎస్సెమ్మెస్‌లో పంపేస్తుంది. డేటా సిగ్నల్ లేకున్నా పని జరుగుతుంది. మన దేశంలో దీన్ని 112కు ముందుగా జోడించిన రాష్ట్రం ఉత్తరప్రదేశ్, 2025లో. నిజానికి జీపీఎస్‌కు అనంతపురం కన్నా అనువైన నేల అరుదు. ఎత్తు మేడలు లేవు, దట్టమైన అడవీ లేదు, తలెత్తితే అంతా ఆకాశమే. ఇక్కడ ఫోన్‌కు తానెక్కడుందో కొన్ని మీటర్ల తేడాతో తెలుసు. ఆ సంగతి 108 కేంద్రానికి అందించే ఏర్పాటే కావాలి. కీప్యాడ్ ఫోన్ పట్టుకున్న ముసలివాళ్లకు ఇది పెద్దగా అక్కరకు రాదు. వాళ్ల కోసం ప్రతి తాండా, ప్రతి చేని దారి పేరుతో సహా కేంద్రం పటంలోకి ఎక్కాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పనిని సరిహద్దు మండలాలతోనే మొదలుపెట్టాలి. అందాకా రొళ్ల, అగళి వైపున్నవాళ్లు 108 ఎత్తగానే ముందు రాష్ట్రం, జిల్లా, మండలం చెప్పండి. ఊరి పేరు ఆ తర్వాత చెప్పండి.