వినకుండా ఇచ్చిన తీర్పు

కర్నూలు, కడప కోర్టుల్లో బాకీ దావా ఎట్లా నడుస్తుందో మన జిల్లాల్లో బడికి పోని రైతుకు కూడా తెలుసు. అమీనా సమన్లు పట్టుకొని ఊళ్లోకి వస్తాడు. మనిషి చిక్కకపోతే తలుపుకు అంటించి పోతాడు. వాయిదాకు పోకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారు. అయినా సరే, వాది తన నోటు, తన ప్రమాణపత్రం జడ్జి ముందు పెట్టాల్సిందే. నేను స్థిరపడిన ఇంగ్లండులో చిన్న బాకీ దావాలకు ఆ మాత్రం కూడా అక్కర్లేదు. కంపెనీ కంప్యూటర్లో దావా వేస్తుంది. నార్తాంప్టన్‌లోని కోర్టు కేంద్రం నుంచి మామూలు పోస్టులో ఒక కవరు వస్తుంది. గడువు లోపల జవాబు పోకపోతే, కంపెనీ అడిగిందే తడవుగా కోర్టు సిబ్బంది తీర్పు నమోదు చేసేస్తారు. జడ్జి కంట ఆ కాగితం పడదు.

ఇక్కడికొచ్చే మన పిల్లలు ఇలాంటి తీర్పుల్లో చిక్కుకునేది ఎక్కువగా కారు పార్కింగు దగ్గరే. అదీ తాము పనిచేసే ఆవరణలోనే. ఆళ్లగడ్డ పక్కనుంచి వచ్చి ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న ఒకమ్మాయి ఆ మధ్య నాకు ఫోన్ చేసింది. "అన్నా, నా పేరు మీద కోర్టు తీర్పు ఉందంట. ఇంటి లోను ఇయ్యలేమన్నారు. నేను కోర్టు గడప కూడా తొక్కలే. ఉద్యోగం పోతాదా అన్నా?" గొంతు వణుకుతోంది. ఇంట్లో ఆయనకు కూడా ఇంకా చెప్పలేదు.

జరిగింది చిన్న సంగతి. పార్కింగ్ పర్మిట్ కోసం నెలనెలా ఆమె జీతంలోంచి డబ్బు కోసుకుంటున్నారు. ఒక రోజు అద్దం మీద అంటించే పర్మిట్లు తీసేసి, నంబరు ప్లేటు చదివే కెమెరాలు పెట్టారు. పర్మిట్లున్న బండ్ల జాబితా ఆఫీసు నుంచి పార్కింగ్ కంపెనీకి పోయింది. అందులో ఆమె బండి నంబరులో ఒక అక్షరం తప్పు పడింది. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చి నిద్రపోయిన మనిషికి కొన్నాళ్లకు కవరొచ్చింది: 100 పౌండ్లు కట్టు, 14 రోజుల్లో కడితే 60. మేనేజరుకు చెబితే "మేం చూసుకుంటాం" అన్నారు. తర్వాత ఆమె ఇల్లు మారింది. కోర్టు కవరు పాత ఇంటికి పోయింది. వడ్డీ, ఖర్చులు కలిపి 100 పౌండ్లు రెండింతలు దాటి, ఆమె పేరు తీర్పుల రిజిస్టరుకెక్కింది. నెలలోపు మొత్తం కట్టేస్తే ఆ పేరు తీసేస్తారు. నెల దాటితే, కట్టినా కట్టకపోయినా ఆరేళ్లు అక్కడే ఉంటుంది. లోను ఇచ్చేవాళ్లు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు అది చూసే మాట్లాడతారు.

మొదట ఆమెకు చెప్పింది, ఇది నేరం కాదని. పోలీసు చలానా లాగా కనబడేటట్టు అచ్చువేసిన ఆ కాగితం ఒక ప్రైవేటు కంపెనీ పంపిన బాకీ చీటీ. రెండోది, వినకుండా ఇచ్చిన తీర్పును తిరగదోడే హక్కు ఈ దేశంలో చాలా పాతదని. ఆ పాత కథ మన ఊళ్లలోనూ తెలియాలనే ఇది రాస్తున్నాను.

1215లో జాన్ రాజు చేత సామంతులు ఒప్పించుకున్న మాగ్నా కార్టాలో జరిమానాల మాట ఉంది. తప్పు ఎంతో జరిమానా అంతే ఉండాలి, వ్యాపారికి సరుకు మిగలాలి, పల్లెలో సేద్యం చేసేవాడికి సేద్యపు సరంజామా మిగలాలి అని అందులో రాసుకున్నారు. మన 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ తీసి చూడండి. డిక్రీ పడ్డ రైతు నాగలిని, ఎద్దులను, విత్తనాల గింజలను జప్తు చేయగూడదని ఉంటుంది. ఏడు వందల ఏళ్ల ఎడం ఉన్నా రెండింటిదీ ఒకే తలపు. బాకీ పేరు చెప్పి మనిషి బతుకుతెరువు తీయగూడదు.

వినకుండా శిక్షించగూడదన్న సూత్రం 1723లో గట్టిగా నిలబడింది. రిచర్డ్ బెంట్లీ అనే పండితుడి డిగ్రీలను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయన మాట వినకుండానే ఊడబెరికింది. లండన్‌లోని రాజన్యాయస్థానం వాటిని తిరిగి ఇవ్వమంది. ఆదాము పండు తిన్నప్పుడు దేవుడు కూడా ముందు పిలిచి, ఏం చెప్పుకుంటావో చెప్పుకోమని అడిగాకే శిక్ష వేశాడని ఆ కేసులో ఒక న్యాయమూర్తి గుర్తుచేశారు. దేవుడికే తప్పనిది పార్కింగ్ కంపెనీకి ఎట్లా తప్పుతుంది?

అయితే అప్పుల విషయంలో ఈ దేశం అంత దయగా ఏమీ లేదు. 1824లో జాన్ డికెన్స్ అనే గుమాస్తా ఒక రొట్టెల వ్యాపారికి 40 పౌండ్ల చిల్లర బాకీ పడితే, లండన్‌లోని మార్షల్సీ జైల్లో పెట్టారు. ఆయన కొడుకు చార్లెస్‌కు అప్పుడు 12 ఏళ్లు. బూటు పాలిష్ ఫ్యాక్టరీలో డబ్బాలకు చీటీలు అంటించే పనిలో చేరాడు. ఆ అవమానం జీవితమంతా మోసిన పిల్లవాడే తర్వాత నవలాకారుడు చార్లెస్ డికెన్స్ అయ్యాడు. 1846లో కౌంటీ కోర్టుల చట్టం వచ్చింది. 20 పౌండ్ల లోపు దావాలు ఇంటి దగ్గరి కోర్టులోనే, తక్కువ ఖర్చుతో తేలాలని దాని ఉద్దేశం. 1869 చట్టంతో బాకీకి జైలు చాలావరకు పోయింది. పేదవాడి కోసమని పెట్టిన ఆ కౌంటీ కోర్టే ఈనాడు పార్కింగ్ కంపెనీలు కట్టలు కట్టలుగా దావాలు కుమ్మరించే చోటయింది. నాకు బాధ కలిగించేది అదే.

ఈ రోగం మనకు కొత్త కాదు. పూణే, అహ్మద్‌నగర్ పల్లెల్లో షావుకార్లు ఎక్స్‌పార్టీ డిక్రీలతో రైతుల భూములు లాగేసుకుంటే 1875లో రైతులు తిరగబడి బాకీ పత్రాలు తగలబెట్టారు. ఆ తర్వాత 1879లో వచ్చిన చట్టం, బాకీ ఎట్లా పుట్టిందో జడ్జి మొదటి నుంచీ విచారించాలంది. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు 1938లో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన రైతు రుణ చట్టం కింద, అప్పటికే ఇచ్చేసిన డిక్రీలను కూడా తిరిగి తెరిచి బాకీ తగ్గించుకునే వీలుండేది. కరువు సీమలో తీర్పు కాగితాన్ని తిరిగి తెరిపించడం అంటే ఏమిటో మన తాతల తరానికి తెలుసు.

ఇంగ్లండులో దీనికి మూలస్తంభం 1937 నాటి ఎవాన్స్, బార్ట్‌లమ్‌ల కేసు. పందేల బాకీ మీద ఒక బుకీ దావా వేశాడు, ప్రతివాది గడువులో రాలేదు, తీర్పు పడింది. హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని కొట్టేయనిచ్చింది. వాదోపవాదాలు విని ఇచ్చిన తీర్పు వేరు, గడువు తప్పినందుకు పడిన తీర్పు వేరు, రెండోదాన్ని వెనక్కి తీసుకునే అధికారం కోర్టుకు ఎప్పుడూ ఉంటుందని లార్డ్ ఆట్కిన్ తేల్చారు. ఇప్పటి నియమాలు కూడా ఆ దారినే ఉన్నాయి. గెలిచే అవకాశం నిజంగా ఉందని చూపాలి, లేదా తిరిగి వినడానికి మరో మంచి కారణం ఉండాలి, ఆలస్యం చేయకుండా దరఖాస్తు పెట్టాలి. పాత చిరునామాలో మనిషి లేడని అనుమానించే కారణం ఉంటే, కొత్త చిరునామా కనుక్కోవాల్సిన పూచీ దావా వేసినవాడిదే.

ఇక పార్కింగు సంగతి. ప్రైవేటు స్థలంలో ఆపిన కారు చక్రానికి క్లాంపు బిగించి డబ్బు గుంజడం ఒకప్పుడు ఇక్కడ మామూలు. స్కాట్లండులో ఉన్నత న్యాయస్థానం 1992లోనే అది బలవంతపు వసూలు, దొంగతనం అంది. ఇంగ్లండు, వేల్సుల్లో 2012 అక్టోబరు 1 నుంచి చట్టం క్లాంపులను నిషేధించింది. అదే చట్టం మరో చేత్తో కంపెనీలకు వరమిచ్చింది: నడిపిందెవరో తెలియకపోయినా, నోటీసులు పద్ధతిగా ఇస్తే బండి ఎవరి పేరున నమోదై ఉందో వాళ్ల దగ్గర వసూలు చేసుకోవచ్చు. వాళ్ల చిరునామా కోసం రిజిస్ట్రేషన్ శాఖకు రెండున్నర పౌండ్లు కడితే చాలు. ఏడాదికి కోటికి పైగా చిరునామాలు అట్లా కంపెనీల చేతికి పోతున్నాయి.

ఫిష్ అండ్ చిప్స్ అంగడి నడిపే బ్యారీ బీవిస్ ఎదురు తిరిగాడు. చెల్మ్స్‌ఫర్డ్ షాపింగ్ పార్కులో రెండు గంటలు ఉచితం, ఆయన 56 నిమిషాలు ఎక్కువ ఉన్నాడు, 85 పౌండ్లు అడిగారు. సుప్రీంకోర్టు దాకా పోయి 2015 నవంబరు 4న ఓడిపోయాడు. ఏడుగురు న్యాయమూర్తుల్లో ఒకరే ఆయన పక్షం. అయితే ఆ తీర్పుకు ఆధారం ఏమిటో చూడాలి. వచ్చేపోయే కొనుగోలుదారులకు జాగా ఖాళీ అవుతుండాలి, బోర్డులు పెద్దగా స్పష్టంగా ఉన్నాయి కాబట్టి ఆ మొత్తం న్యాయమే అన్నారు. ఆ మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్ కోర్టులో, తానుండే అపార్టుమెంటు ముందు సామాను దించుకోవడానికి కాసేపు బండి ఆపిన ఒకామె గెలిచింది. అక్కడ ఉండే హక్కున్న మనిషికి బీవిస్ సూత్రం అతకదన్నారు. జీతంలోంచి పర్మిట్ డబ్బు కట్టే ఉద్యోగి కూడా ఆ రెండో కోవలోనే వస్తుందని నా నమ్మకం.

అన్నీ గెలుపులే కాదు. 2017 జులైలో కార్డిఫ్ కోర్టు, వేల్సు విశ్వవిద్యాలయ ఆస్పత్రి సిబ్బంది 75 మంది పార్కింగ్ బాకీలు కట్టాల్సిందేనంది. పర్మిట్లకు సరిపడా జాగా లేదన్నది వాళ్ల గోడు. రాత్రింబవళ్లు రోగులను చూసేవాళ్ల మీద అంత భారం మోపడం నాకు ఇప్పటికీ జీర్ణం కాదు. ఆ పోరాటాన్ని వృథా అనలేం. అంతమంది జతగా నిలబడ్డారు కాబట్టే వాళ్ల గోడు దేశమంతా విన్నది.

మన ఆళ్లగడ్డ అమ్మాయి జీతం చీటీలు, కొత్త ఇంటి అద్దె ఒప్పందం, కౌన్సిల్ పన్ను బిల్లు, మేనేజరుతో నడిచిన ఈమెయిళ్లు తేదీల వరుసలో పెట్టింది. తప్పు పడ్డ అక్షరాన్నీ, బండి రిజిస్ట్రేషన్ కాగితాన్నీ పక్కపక్కనే చూపుతూ తన మాటల్లోనే ప్రమాణపత్రం రాసింది. దరఖాస్తుతో పాటు జతపరిచింది. విచారణ పావుగంట కూడా పట్టలేదు. జడ్జి ఆ రెండు కాగితాలు పక్కపక్కన చూసి, ఇల్లు మారిన తేదీ అడిగి, తీర్పు కొట్టేశారు. పేరు రిజిస్టరులోంచి పోయింది. మళ్లీ విచారణ మొదలయ్యేలోపే కంపెనీ దావా ఉపసంహరించుకుంది.

దరఖాస్తు ఫీజు మాత్రం ఆమెకు తిరిగి రాలేదు. అది 300 పౌండ్లకు పైనే, అడిగిన బాకీ కన్నా ఎక్కువ. తక్కువ ఆదాయం వాళ్లకు మినహాయింపు ఉంది, ఆమెకు అది వర్తించలేదు. నా మాట వినండి అని అడగడానికి అంత కట్టాల్సిరావడం అన్యాయం. దానికి భయపడే చాలామంది చేయని తప్పుకు డబ్బు కట్టేసి ఊరుకుంటున్నారు. కంపెనీలకు ఒక నియమావళి ఉండాలని పార్లమెంటు 2019లోనే చట్టం చేసింది. 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం ప్రకటించిన నియమావళిని కంపెనీలు కోర్టుకెక్కేసరికి జూన్‌లో వెనక్కి తీసుకున్నారు.

కర్నూలు మెడికల్ కాలేజీ నుంచో, కడప నర్సింగు కాలేజీల నుంచో ఇటు వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఇల్లు మారిన రోజే బండి రిజిస్ట్రేషన్‌లో చిరునామా మార్పించండి, అది మీకు చట్టం పెట్టిన పని కూడా. కంపెనీతో నడుస్తున్న తగాదా ఏదైనా ఉంటే వాళ్లకు కూడా రాతపూర్వకంగా తెలపండి. పార్కింగ్ కవరు వస్తే చెత్తబుట్టలో వేయొద్దు, భయపడి కట్టనూ వద్దు. జవాబు రాసి, పోస్టాఫీసు రసీదు దాచుకోండి. కోర్టు కవరైతే 14 రోజుల్లోపు అందినట్టు తెలిపితే, జవాబుకు మొత్తం 28 రోజులు దొరుకుతాయి. తీర్పు పడిపోయిందని తెలిస్తే మాత్రం, తెలిసిన వారంలోనే దరఖాస్తు తయారుచేసుకోండి.