మా ఇంటి చుట్టుపక్కల వింతలు

"కువైట్‌లో చూడ్డానికి ఏముంటాయండీ? ఇసుక, ఎండ, రెండు మాల్స్!" ఈ మాట ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు అంటే సరేలెమ్మనుకోవచ్చు. ఇక్కడే ఇరవయ్యేళ్ళుగా ఉంటున్నవాళ్ళు కూడా అంటుంటారు. అమెరికాలో ఉన్న మా క్లాస్‌మేట్లు శని, ఆదివారాలు కార్లేసుకుని, ప్రపంచంలోకెల్లా పెద్ద కుర్చీ అనీ, తలకిందులుగా కట్టిన ఇల్లనీ రోడ్డు పక్క వింతలు చూసొచ్చి ఫొటోలు పంపుతుంటారు. వాటికోసం వాళ్ళు నాలుగైదు వందల మైళ్ళు తిరుగుతారు. మనకా బాధ లేదు. ఈ దేశం మొత్తం విస్తీర్ణం 17,818 చదరపు కిలోమీటర్లు. అంటే విడదీయకముందు ఉన్న మా కడప జిల్లా కంటే కాస్త పెద్దది, పాత అనంతపురం జిల్లా కంటే కాస్త చిన్నది. పొద్దున టిఫిన్ తిని బయల్దేరితే రాత్రి భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు.

మేముండేది రుమైథియాలో. ఓ జనవరి శనివారం, ఎండ కూడా ముద్దొచ్చే రోజుల్లో, మా ఆవిడ, పిల్లలిద్దరు, విజిట్ వీసా మీద ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మా నాయన, నేను కలిసి ఇలాంటి యాత్రే ఒకటి చేశాం. నియమం ఒక్కటే: టిక్కెట్టు కొనాల్సినవి, ఏసీలో కూర్చోవాల్సినవి వద్దు. రోడ్డు మీద పోతూ "ఇదేంటి ఇలా ఉంది?" అనిపించేవి మాత్రమే చూడాలి. చూశాక, అది అలా ఎందుకుందో పిల్లలకి చెప్పే బాధ్యత నాది. ఆ బాధ్యత కోసం వారం రోజులు చదివాను. ఈ వ్యాసం ఆ చదువు పుణ్యమే.

మొదటి వింత మా ఇంటికి బాగా దగ్గర. సముద్రం వైపు అల్ బిదాలో, రాడిసన్ హోటల్ పక్కన, నేల మీద ఓ ఓడ నిలబడి ఉంటుంది. పేరు అల్ హాషెమీ-2. పొడవు ఎనభై మీటర్ల పైమాటే. కొయ్యతో కట్టిన ధోల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్ వాళ్ళు రాసుకున్నారు. తమాషా ఏమిటంటే, అది నీళ్ళలో తిరగడానికి కట్టింది కాదు! హుసేన్ మరాఫీ అనే వ్యాపారి పాతకాలపు నావికుల జ్ఞాపకంగా, 1990ల చివర్లో మొదలుపెట్టి కట్టించాడు. "నీళ్ళలో దిగని పడవ ఎందుకు?" అంది మా అమ్మాయి. మంచి ప్రశ్నే. దానికి జవాబు కావాలంటే గల్ఫ్ రోడ్డు వెంబడి కాస్త ఉత్తరంగా, సాల్మియాలో సైంటిఫిక్ సెంటర్ దాకా వెళ్ళాలి. అక్కడ ఆరుబయట ఇంకో ఓడ ఉంది, ఫతే అల్ ఖైర్. ఇది నిజంగా సముద్రాలు దాటిన ఓడ. 1938లో కట్టింది. చమురు రాకముందు కాలపు పెద్ద ఓడల్లో మిగిలింది ఇదొక్కటే అంటారు.

ఆ 1938 అనే అంకె దగ్గర కాస్త ఆగాలి. అదే ఏడాది ఫిబ్రవరిలో బుర్గాన్ దగ్గర చమురు పడింది. రెండో ప్రపంచయుద్ధం అడ్డొచ్చి, మొదటి ఎగుమతి 1946 జూన్ 30న గానీ జరగలేదు. అంటే ఒక బతుకుతెరువు పుట్టిన ఏడాదే, పోబోతున్న ఇంకో బతుకుతెరువు కోసం వడ్రంగులు ఈ ఓడ కడుతున్నారన్నమాట. అప్పటికే జపాన్ పెంపుడు ముత్యాల దెబ్బకి ఇక్కడి ముత్యాల వేట కుదేలైంది. మిగిలింది ఓడ బేరం. బస్రా ఖర్జూరాలు ఎత్తుకుని కరాచీ, బొంబాయి, మలబారు, తూర్పు ఆఫ్రికా రేవులు తిరిగి, అక్కడి సరుకు తెచ్చేవాళ్ళు. ఓడలు కట్టే టేకు కూడా మలబారుదే. ఈ ఎడారిలో ఓడకి పనికొచ్చే చెట్టు ఎక్కడుంది?

ఇంకో సంగతి చెబితే మా నాయన నమ్మలేదు. 1961 దాకా ఈ దేశంలో చెలామణీ అయింది మన రూపాయే! 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమని వేరే రంగుల్లో నోట్లు అచ్చేసింది. 1961లో దినార్ వచ్చినప్పుడు ఒక రూపాయికి 75 ఫిల్సుల చొప్పున మార్చారు. అంటే దినారుకి పదమూడు రూపాయల చిల్లర. ఇప్పుడు జీతం పడగానే రేటెంతుందో అని ఎక్స్ఛేంజ్ బోర్డులు చూసే మనకి ఆ లెక్క వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. "అంటే వీళ్ళే మన దగ్గరికొచ్చేటోళ్ళా?" అన్నాడు మా నాయన. అవును, వాళ్ళే వచ్చేవాళ్ళు. బొంబాయిలో, కాలికట్లో వాళ్ళకి ఇళ్ళూ కొట్లూ ఉండేవి.

రెండో వింత కోసం ప్రత్యేకంగా వెళ్ళక్కర్లేదు. రింగ్ రోడ్ల మీద ఎటు తిరిగినా కనిపించేవే, నీలం తెలుపు చారల పుట్టగొడుగులు. "ఇదేం ట్యాంకురా, గొడుగు మాదిరుంది!" అన్నాడు మా నాయన. ఇలాంటివి మొత్తం 31, ఐదు గుంపులుగా ఉన్నాయి. స్వీడన్‌కి చెందిన వీబీబీ అనే ఇంజినీరింగ్ సంస్థ తరఫున సూనె లిండ్‌స్ట్రోమ్ అనే ఆర్కిటెక్టు డిజైన్ చేశాడు. ఆయనే అంతకుముందు తమ దేశంలో, ఎరెబ్రూ అనే ఊళ్ళో 1958లో ఇలాంటి ట్యాంకు ఒకటి కట్టాడు. దాని పేరే స్వాంపెన్, అంటే పుట్టగొడుగు. మంచు కురిసే దేశంలో మొలిచిన పుట్టగొడుగు ఎడారికొచ్చి పిల్లలు పెట్టిందన్నమాట.

ఆరో చోట మాత్రం ఇంకేదైనా కొత్తగా ఉండాలన్నారు. అలా వచ్చినవే సముద్రం ఒడ్డున ఉన్న కువైట్ టవర్స్. డిజైన్ మాలెన్ బ్యోర్న్ అనే ఆవిడది. 1979 మార్చి 1న ప్రారంభమయ్యాయి. మనం పోస్టుకార్డుల మీదా, ఫ్రిజ్ మాగ్నెట్ల మీదా చూసే ఆ నీలి గోళాల్లో ఉన్నది ఏమిటనుకున్నారు? నీళ్ళండీ! పెద్ద టవరు ఎత్తు 187 మీటర్లు. దాని పెద్ద గోళంలో కింది సగం ట్యాంకు, పై సగం రెస్టారెంటు. రెండో టవరు పూర్తిగా నీళ్ళదే. మూడోది సన్నగా సూదిలా ఉండి, మిగతా రెండింటి మీద లైట్లు వేస్తుంది. పుట్టగొడుగు ఒక్కొక్కటి 3,000 ఘనపు మీటర్లు, ఈ రెండు టవర్లు కలిపి 9,000. మొత్తం 1,02,000 ఘనపు మీటర్లు, అంటే పది కోట్ల ఇరవై లక్షల లీటర్లు. ఈ మొత్తం ఏర్పాటుకి 1980లో ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చింది.

వృత్తిరీత్యా సాఫ్ట్‌వేరు వాణ్ణి కాబట్టి పిల్లలకి నా భాషలో చెప్పాను. సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు రాత్రింబవళ్ళు ఒకే తీరున నడుస్తుంది. ఊరు మాత్రం అలా తాగదు. పొద్దునా సాయంత్రం అందరూ ఒకేసారి కుళాయి తిప్పుతారు. మధ్యలో ఓ బఫర్ కావాలి. ఆ బఫర్‌ని ఎత్తులో పెడితే పంపు అక్కర్లేదు, పది మీటర్ల ఎత్తుకి సుమారు ఒక బార్ చొప్పున ఒత్తిడి దానంతటదే వస్తుంది. కరెంటు పోయినా కాసేపు కుళాయిలో నీళ్ళు ఆగవు.

మా నాయనకి ఈ బఫర్లూ బార్లూ పట్టలేదు. "మరి ఇవి రాకముందు ఏం తాగేటోళ్ళు?" అన్నాడు. బిందె నీళ్ళ కోసం బోరింగు దగ్గర గంటలు నిలబడ్డ సీమ మనిషికి తోచే ప్రశ్న అది. ఊళ్ళో బావులు చాలక, షత్ అల్ అరబ్ నది నుంచి ఓడల్లో నీళ్ళు నింపుకుని వచ్చేవాళ్ళు. రేవులో కొని, గాడిదల మీద ఇంటింటికీ అమ్మేవాళ్ళు. 1953లో ఇక్కడ మొదటి పెద్ద మంచినీటి ప్లాంటు వచ్చాక గానీ ఆ అవస్థ తీరలేదు. నీళ్ళలో దిగని ఓడ ఎందుకని మా అమ్మాయి అడిగిందే, దానికి జవాబు ఇదే. ఈ ఊరికి ఒకప్పుడు గుక్కెడు నీళ్ళు కూడా ఓడ మీదే వచ్చేవి. అలాంటి ఓడకి ఓ విగ్రహం పెట్టుకోవడంలో తప్పేముంది?

మూడో వింత, గోడ లేని ద్వారం. నగరంలో షెరటన్ దగ్గర రౌండెబౌట్ మధ్యలో, చుట్టూ కార్లు తిరుగుతుండగా, జహ్రా గేటు ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఇటూ అటూ గోడ లేదు. మూయడానికీ తెరవడానికీ ఏమీ లేదు. 1920లో నజ్ద్ నుంచి ఇఖ్వాన్ దళాల దాడి భయం పట్టుకున్నప్పుడు, ఊరి జనమంతా కలిసి కొద్ది నెలల్లోనే చుట్టూ మట్టిగోడ లేపారు. అదే ఏడాది అక్టోబరు 10న జహ్రాలో ఎర్ర కోట దగ్గర యుద్ధం జరిగింది. చమురు డబ్బు వచ్చాక, 1952లో బ్రిటిష్ ప్లానర్లు గీసిన మాస్టర్ ప్లాన్ ప్రకారం ఊరు గోడ దాటి పెరిగింది. 1957లో గోడ కొట్టేసి, గేట్లు మాత్రం ఉంచారు. ఆ గోడ జాడ వెంబడే మొదటి రింగ్ రోడ్డు వచ్చింది. తర్వాత రెండు, మూడు, నాలుగు... మా రుమైథియా పక్కనున్న ఐదోది కూడా ఆ పాత మట్టిగోడకి మునిమనవడే. రోజూ పొద్దున ట్రాఫిక్‌లో ఇరుక్కుని మనం తిట్టుకునే ఆ వంపు వెనక 1920 నాటి భయం ఒకటుంది.

తిరుగుదారిలో ఖాదిసియాలో అద్దాల ఇల్లు చూశాం. కువైట్ చిత్రకారుడు ఖలీఫా అల్ ఖత్తాన్ భార్య లిడియా ఇటలీలో పుట్టిన కళాకారిణి. 1960ల్లో ఓ సామాను మీద పగిలిన అద్దం ముక్కలు అతికించడంతో మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి ఇల్లంతా, బయటి గోడలతో సహా, అద్దాలతో నింపేసింది. పరాయి దేశం నుంచి వచ్చిన మనిషి పగిలిన ముక్కలతో తనదంటూ ఓ ఇల్లు చేసుకోవడం... ప్రవాసులమైన మనకి దీని గురించి ఇంతకంటే వివరించక్కర్లేదనుకుంటా. మా ఆవిడ ఆ గోడ ముందు చాలాసేపు నిలబడింది.

ఆఖరి మజిలీ అల్ ఖురైన్. మామూలు ఇళ్ళ మధ్య ఓ ఇల్లు, గోడలు కూలి, తూటాల తూట్లు పడి, అలాగే ఉంటుంది. ముందు ఓ యుద్ధట్యాంకు. 1991 ఫిబ్రవరి 24న, దేశానికి విముక్తి రావడానికి రెండు రోజుల ముందు, మెస్సీలా దళమనే కువైట్ యువకుల బృందం ఈ ఇంట్లోంచి ఇరాకీ సైన్యంతో గంటల తరబడి పోరాడింది. వాళ్ళలో పన్నెండు మంది చనిపోయారు. ఇంటిని బాగుచెయ్యకుండా మ్యూజియంగా ఉంచేశారు. పొద్దుటినుంచి గోల చేసిన పిల్లలు ఇక్కడ నోరెత్తలేదు.

నాకు మాత్రం అక్కడ మరో ఆలోచన వచ్చింది. 1990 ఆగస్టు 2 మనవాళ్ళకి కూడా వచ్చింది కదా? ఆ రోజుల్లో ఇక్కడున్న భారతీయులు బస్సుల్లో, దొరికిన బండిలో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరారు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు రెండు నెలల పాటు తిరిగి లక్షకు పైగా జనాన్ని ఇల్లు చేర్చాయి. వాళ్ళలో మా కడప, రాజంపేట, రాయచోటి వాళ్ళున్నారు, కోనసీమ, నరసాపురం వాళ్ళున్నారు. అరబ్బుల ఇళ్ళల్లో వంటకీ పిల్లల్ని చూడ్డానికీ వచ్చిన ఆడవాళ్ళున్నారు. మా వీధిలో దర్జీ పని చేసే రాజంపేట పెద్దాయన ఒకరు, తను అమ్మాన్ దాకా మోసుకెళ్ళింది ఒక్క కత్తెర మాత్రమేనని చెప్పాడు. "మిషను మొయ్యలేను గదా సార్, కత్తెరుంటే యాడైనా బతకొచ్చని" అన్నాడు. రెండేళ్ళకి అదే కత్తెరతో తిరిగొచ్చాడట.

ఇది మన జాతికి కొత్త కాదు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళినవాళ్ళని అక్కడ "కోరంగీలు" అనే పిలిచేవాళ్ళు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, 1942లో లక్షల మంది భారతీయులు అడవుల గుండా కాలినడకన ఇండియా దారి పట్టారు. అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ నడకలో మన ఇళ్ళవాళ్ళు ఏం చూశారో మనకి ఎంత తెలుసు? చెప్పినవాళ్ళు చెప్పారు, విన్నవాళ్ళు మరిచారు, రాసినవాళ్ళు తక్కువ.

ఈ ఊళ్ళో ఓడకీ, నీళ్ళ ట్యాంకుకీ, మట్టి గేటుకీ, పగిలిన అద్దానికీ, కూలిన గోడకీ రోడ్డు పక్కన చోటుంది. మనకి ఉండదు. ఉండాలని అడగడం కూడా సబబు కాదేమో. మనం అకామా ఉన్నన్నాళ్ళు ఉండి, ఉద్యోగం అయిపోగానే సామాను కట్టుకుని వెళ్ళేవాళ్ళం. కానీ ఒకటి గమనించండి. ఏటా వేసవిలో ఎవరో ఒకరికి వీడ్కోలు విందు ఇస్తాం, శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం. ముప్ఫై, నలభై ఏళ్ళ జ్ఞాపకాలు ఆ మనిషితో పాటే విమానమెక్కి వెళ్ళిపోతాయి. మిగిలేది ఫొటో.

అందుకని నా మనవి. ఈ చలికాలంలో ఓ శనివారం పిల్లల్ని తీసుకుని ఈ యాత్ర చెయ్యండి. అయిపోయాక, మీ బిల్డింగ్‌లోనో మీ వీధిలోనో ఉన్న పాతకాపుని ఒకరిని టీకి పిలవండి. ఏ ఏడాది వచ్చారు, మొదటి జీతం ఎంత, ఎక్కడ పడుకున్నారు, 1990లో ఎటు వెళ్ళారు అని అడగండి. ఫోన్‌లో రికార్డు చెయ్యండి, వీలైతే తెలుగులో రాసిపెట్టండి. మా పిల్లలు మొదలుపెట్టారు. దర్జీ పెద్దాయన మాటలు గంటన్నర వచ్చాయి. మధ్యలో కత్తెర చప్పుడు కూడా పడింది. దాన్ని తీసెయ్యొద్దని చెప్పాను.