మందు తడవకుండా

పెద్దకొడప్‌గల్‌కు పొరుగున జుక్కల్ మండలంలో కౌలాస్ కోట ఉంది. అక్కడ పాత ఫిరంగులు ఇప్పటికీ ఉన్నాయి. వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతాం. ఇంత బరువును కొండ మీదికి ఎట్లా ఎక్కించారో అని ఆశ్చర్యపోతాం. కానీ ఒక ప్రశ్న మాత్రం అడగం: వీటిలో దట్టించే మందును వానాకాలం నాలుగు నెలలూ ఎట్లా కాపాడారు?

మన భాషలో రోగానికి మింగేదీ మందే, తుపాకిలో పోసేదీ మందే. రెండిటికీ గడువు ఉంది. యుద్ధాల చరిత్రలో ఆయుధాల పేర్లు కనిపిస్తాయి గానీ ఈ గడువు కనిపించదు. చాలాసార్లు గెలుపోటములను మలుపు తిప్పింది మాత్రం అదే.

పాతకాలపు తుపాకిమందులో ఉండేవి మూడే: సురేకారం, గంధకం, బొగ్గు. సురేకారాన్ని ఉప్పుమట్టి నుంచి తీసేవాళ్లు. శుద్ధి సరిగా జరగకపోతే దాంతో పాటు వేరే లవణాలు కూడా వచ్చేవి. వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బా ఎట్లా చెమ్మగిల్లుతుందో ఆ మందూ అట్లాగే గాలిలోని తేమను లాగేది. బాగా తడిస్తే సురేకారం కరిగి మిగతా రెండిటి నుంచి విడిపోతుంది. తర్వాత ఎండబెట్టినా మునుపటి బలం రాదు. అదే పొడిగా ఉంచితే వందేళ్లు దాటినా చెడదు. కోటల్లో మందు కొట్టును మందపాటి గోడలతో, నివాసాలకు దూరంగా కట్టింది ఇందుకే. ఒకవైపు చెమ్మ భయం, ఇంకోవైపు నిప్పురవ్వ భయం.

1687లో గోల్కొండ ముట్టడిని ఈ కోణం నుంచి చూడాలి. ఫిబ్రవరిలో మొదలైన ముట్టడి వానాకాలం దాకా సాగింది. మంజీరా పొంగి మొఘలుల శిబిరానికి ధాన్యం రాక ఆగిపోయింది. ఫిరంగుల కోసం పోసిన మట్టి దిబ్బలు వానకు కూలిపోయాయి. జూన్‌లో ఔరంగజేబు మనుషులు కోటగోడ కింద సొరంగాలు తవ్వి మందు దట్టించారు. కోటలోని వాళ్లు ఆ సంగతి పసిగట్టి, లోపలి నుంచి ఎదురు తవ్వి, కొంత మందు ఎత్తుకుపోయి మిగిలినదాని మీద నీళ్లు పోశారు. నిప్పు పెట్టినప్పుడు పేలుడు కోట వైపు కాకుండా మొఘలుల మీదికే తన్నింది. వెయ్యిమందికి పైగా చచ్చిపోయారని చరిత్రకారులు రాశారు. చివరి సొరంగం పేలనే లేదు. గోల్కొండను ఆ జూన్‌లో నిలబెట్టినవాటిలో గోడలతో పాటు కొన్ని కడవల నీళ్లు కూడా ఉన్నాయి. సెప్టెంబర్‌లో కోట పడింది మందు బలంతో కాదు, లోపలివాడొకడు డబ్బుకు తలుపు తీయడంతో.

నూట డెబ్బై ఏళ్ల తర్వాత ఇదే చెమ్మ గొడవ ఇంకో రూపంలో వచ్చింది. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాను కాగితంలో చుట్టి కొవ్వు పూసేవాళ్లు. గొట్టంలోకి సులువుగా జారడానికి, లోపలి మందుకు తేమ తగలకుండా ఉండడానికి ఆ పూత. అది ఆవు కొవ్వో పంది కొవ్వో అన్న అనుమానం 1857 మంటకు ఒక కారణమయింది. ఆ మంట సెగ కౌలాస్‌కూ తాకింది. అక్కడి రాజా దీప్‌సింగ్ బ్రిటిష్ వ్యతిరేక కుట్ర కేసులో శిక్ష అనుభవించాడు.

తెలంగాణ సాయుధ పోరాటానికి వచ్చేసరికి ఊళ్లలో ఉన్నవి వడిసెలలు, గుతపలు, బర్మారు తుపాకులు. బర్మారుకు ప్రతి దెబ్బకూ మూతి నుంచి మందు పోసి, రవ్వలు వేసి, చేత్తో కూరాలి. వానలో అది కట్టెతో సమానం. శత్రువు నుంచి గుంజుకున్న రైఫిళ్ల సంగతి వేరు. వాటి ఇత్తడి తూటా వానను తట్టుకుంటుంది, కానీ అయిపోతే ఊళ్లో తయారుకాదు. ఒకదానికి చెమ్మ గండం, ఇంకోదానికి లెక్క గండం.

ఇత్తడి తూటాలోని పొగరాని మందు ఇంకో రకంగా ముసలిదవుతుంది. దాన్ని 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియేల్ కనిపెట్టాడు. అందులోని నైట్రోసెల్యులోజ్ తనంతట తానే నెమ్మదిగా విరుగుతూ ఆమ్ల వాయువులను వదులుతుంది. వేడి తగిలేకొద్దీ ఆ విరుగుడు వేగమవుతుంది. దాన్ని అదుపు చేయడానికే స్థిరపరిచే రసాయనాలు కలుపుతారు. అవి ఖర్చయిపోతే మందు తనలో తానే వేడెక్కి అంటుకోవచ్చు. 1907లో ఇయేనా, 1911లో లిబెర్తే అనే ఫ్రెంచ్ యుద్ధనౌకలు తులాన్ రేవులో పేలిపోయాయి. శత్రువెవడూ దాడి చేయలేదు. పాడైన మందే కారణమని తేల్చారు. వందల మంది నావికులు పోయారు.

అంటే గడువు దాటిన మందు రెండు రకాలుగా మోసం చేస్తుంది. పేలాల్సినప్పుడు పేలదు, పేలకూడనప్పుడు పేలుతుంది. పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద తుప్పు పట్టిన తూటా దొరికితే, ఇంకేం పేలుతుందిలే అనుకుని ఆడుకోకూడదు. ఉన్నచోటే వదిలేసి పోలీసులకు చెప్పాలి.

మ్యూజియంలో మనకు చూపించేది ఇనుమే. మందు కాలిపోయో, కరిగిపోయో ఆనవాలు లేకుండా పోయింది. ఈసారి కౌలాస్ వెళితే ఫిరంగి దగ్గరే ఆగిపోకండి. మందు కొట్టు ఎక్కడుండేదో వెతకండి. వానకు భయపడి రాత్రంతా దానికి కాపలా కాసినవాడి పేరు ఏ శాసనంలోనూ ఉండదు.