ముళ్లపూడి వెంకటరమణ: పత్రికాఫీసు బల్ల మీద పుట్టిన హాస్యం

తెలుగు పాఠకుడికి 'బుడుగు'ను ఇచ్చిన ముళ్లపూడి వెంకటరమణ 1931 జూన్ 28న ధవళేశ్వరంలో పుట్టారు. గోదావరి సముద్రంలో కలిసే ముందు ఆనకట్ట దాటేది ఆ ఊళ్లోనే. తెలుగు పత్రికల నవ్వుకు కూడా ఆ ఊరితో పాత చుట్టరికం ఉంది. కందుకూరి వీరేశలింగం అక్కడి బడిలో పనిచేస్తున్న రోజుల్లోనే, 1874లో, 'వివేకవర్ధని'ని మొదలుపెట్టారు. దానికి తోడుగా వచ్చిన 'హాస్య సంజీవని'ని తెలుగులో తొలి హాస్య పత్రికగా చెప్పుకుంటారు. వీరేశలింగం ప్రహసనాలు, ఆ తరువాత 'ఆంధ్రపత్రిక'లో వెలువడిన పానుగంటి లక్ష్మీనరసింహారావు 'సాక్షి' వ్యాసాలు సంఘాన్ని దిద్దడానికి నవ్వును వాడాయి. రమణ చేతికి వచ్చింది ఈ వారసత్వమే. ఆయన దాన్ని వేదిక మీద నుంచి దించి వంటింటి గుమ్మం ముందు కూర్చోబెట్టారు.

రమణ చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి చిన్నాచితకా పనులు చేసి సంసారం ఈడ్చుకొచ్చింది. బతుకుతెరువు కోసం కుటుంబం మద్రాసు చేరింది. అక్కడ బడి రోజుల్లో పరిచయమైన సత్తిరాజు లక్ష్మీనారాయణే తరువాతి కాలపు బాపు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు 1945లో 'బాల' పత్రిక పెట్టినప్పుడు రమణ తొలి కథ 'అమ్మ మాట వినకపోతే' అందులోనే అచ్చయింది. అక్షరం ఒకరిది, బొమ్మ ఇంకొకరిది అనే ఆ జంట పని అరవయ్యేళ్లకు పైగా తెగలేదు. తెలుగు సాహిత్యంలో ఇంత నిలకడైన జోడీ మరొకటి లేదు.

1950ల్లో రమణ 'ఆంధ్రపత్రిక'లో సబ్ ఎడిటర్‌గా చేరారు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చిన సంస్థ అది. రమణ నాటికి శివలెంక శంభుప్రసాద్ సంపాదకులు. సబ్ ఎడిటర్ పని రాసేవాడికి రెండు విద్యలు నేర్పుతుంది: అక్కర్లేని మాట కొట్టేయడం, వేళకు కాపీ ఇవ్వడం. రమణ వాక్యం పొట్టిగా, చురుగ్గా ఉండటానికి, ఒక్క మాటలో మనిషి నిలబడటానికి ఈ కొలువే కారణమని చెప్పాలి. ఆయన మంచి రచనల్లో చాలా భాగం పత్రికల అవసరానికి పుట్టినవే. రాజకీయాల మీద 'రాజకీయ భేతాళ పంచవింశతి', సినిమా రంగం మీద 'విక్రమార్కుడి మార్కు సింహాసనం' రాశారు. 'గిరీశం లెక్చర్లు'లో గురజాడ గిరీశాన్ని లేపుకొచ్చి సినిమాల గురించి మాట్లాడించారు. బేతాళుడు, సాలభంజికలు, గిరీశం అందరికీ తెలిసినవాళ్లే. పాత చట్రంలో కొత్త సరుకు నింపడం వల్ల పాఠకుడికి పీఠిక అవసరం లేకపోయింది.

'బుడుగు' ఆంధ్రపత్రిక వారపత్రికలో 1950ల రెండో సగంలో వచ్చింది. మాట్లాడేవాడు బడి ఎగ్గొట్టే చిన్న కుర్రాడు. అమ్మ రాధ, నాన్న గోపాలం, బామ్మ, బాబాయి, రెండుజెళ్ల సీత, సీగానపెసూనాంబ అతని లోకం. అంతకు ముందు తెలుగులో పిల్లల కోసం రాసినవారు ఉన్నారు, పిల్లల గురించి రాసినవారూ ఉన్నారు. పిల్లవాడి నోటితోనే, అతని వ్యాకరణంతోనే, అతని తర్కంతోనే పెద్దల ప్రపంచాన్ని చూపించడం ఈ స్థాయిలో ఎవరూ చేయలేదు. బుడుగు మాటలు తప్పుల్లా వినిపిస్తాయి, కానీ అవన్నీ పిల్లలు నిజంగా మాట్లాడే తీరులోనివి. అర్జెంటీనా చిత్రకారుడు కినో సృష్టించిన 'మఫాల్దా' అనే పిల్ల 1964లో బ్యూనస్ ఎయిర్స్ పత్రికలో పెద్దల్ని ప్రశ్నలతో ఇబ్బంది పెట్టడం మొదలుపెట్టింది. దానికి కొన్నేళ్ల ముందే మద్రాసులో బుడుగు ఆ పని చేశాడు. మఫాల్దా పేచీ లోకంతో, బుడుగు పేచీ ఇంటితో. బుడుగు భాష గోదావరి జిల్లాల మధ్యతరగతి ఇళ్లది. నిజామాబాద్, బోధన్ ఇళ్లలో మాటలు వేరు, వరసలు పిలిచే తీరు వేరు. అయినా ఆ కుర్రాడు అక్కడి పాఠకుడికీ పొరుగింటి పిల్లాడే అవుతాడు, ఎందుకంటే నవ్వు యాసలో లేదు, చూపులో ఉంది.

'ఋణానందలహరి'ది మరో దారి. అందులో అప్పారావు అప్పు చేయడాన్ని కళగా సాధన చేసినవాడు. లేమి ఎలా ఉంటుందో తెలిసినవాడు రాసిన హాస్యం కనుక అందులో అప్పు ఇచ్చేవాడి మీదా, తీసుకునేవాడి మీదా ద్వేషం లేదు. రమణను నవ్వుల రచయితగానే లెక్కకట్టడం మాత్రం అన్యాయం. కృష్ణుడికి ఇవ్వదగిన వేణువు కోసం జీవితమంతా తపించిన గోపన్న కథ 'కానుక', తెలుగు కథల్లో మొదటి వరసలో నిలుస్తుంది.

పత్రిక వదిలాక ఆయన సినిమాలకు రాశారు. 'రక్తసంబంధం' (1962) కన్నీటి కథ. హాస్య రచయితకు అలాంటి సినిమా మాటలతో పేరు రావడం విశేషం. 'మూగమనసులు', 'దాగుడుమూతలు' 1964లో వచ్చాయి. బాపు తొలిసారి దర్శకత్వం వహించిన 'సాక్షి' (1967) నుంచి ఇద్దరి దారీ ఒకటైంది. 'ముత్యాలముగ్గు' (1975)లో రావు గోపాలరావు పలికిన కాంట్రాక్టరు మాటలు పాటల్లాగే రికార్డుగా వచ్చి ఊరూరా మోగాయి. సబ్ ఎడిటర్ నేర్చిన పొదుపు అక్కడా కనిపిస్తుంది: ప్రతినాయకుడు అరవడు, తీరిగ్గా మాట్లాడతాడు, భయం దానంతటదే వస్తుంది. 1980ల్లో ఎన్.టి. రామారావు ప్రభుత్వ హయాంలో బాపు రమణలు బడిపిల్లల కోసం వీడియో పాఠాలూ తయారుచేశారు.

చివరి దశలో రమణ మళ్లీ పత్రికకే వచ్చారు. 'స్వాతి' వారపత్రికలో సాగిన ఆత్మకథ 'కోతికొమ్మచ్చి' వరస తేదీల ప్రకారం నడవదు. ఒక జ్ఞాపకం కొమ్మ నుంచి మరో కొమ్మకు దూకుతుంది. ఆకలి, అప్పులు, సినిమా నష్టాలు, స్నేహాలు అన్నీ అందులో ఉన్నాయి, ఎవరి మీదా కసి లేదు. తెలుగు ఆత్మకథల్లో దాని చోటు పదిలం. అది 'కోతికొమ్మచ్చి', '(ఇం)కోతి కొమ్మచ్చి', 'ముక్కోతి కొమ్మచ్చి' అనే మూడు పుస్తకాలుగా వచ్చింది.

రమణ 2011 ఫిబ్రవరి 24న చెన్నైలో కన్నుమూశారు. ఆయన మాటలు రాసిన 'శ్రీరామరాజ్యం' అదే ఏడాది నవంబరులో విడుదలైంది. బాపు దర్శకత్వం వహించిన చివరి సినిమా అదే.