నా పేరేంటి?

ఇంట్లో అమ్మీ నోరారా పిలిచే పేరొకటి నాకుంది. దుర్గి బడి హాజరుపట్టీలోనూ అదే పేరు. బజార్లోకొస్తే మాత్రం నేను 'సాయిబుల పిల్లోణ్ణి'. ఆ పిలుపులో తిట్టు లేదు. నేనూ లేను.

అందుకే మహమ్మద్ అలీ కథలో గుద్దులకన్నా పేరు గొడవే నన్ను పట్టుకుంది. 1942లో అమెరికాలోని లూయీవిల్‌లో కాషియస్ క్లేగా పుట్టిన నల్లవాడు. 1964లో సోనీ లిస్టన్‌ను ఓడించి హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియనయ్యాడు. ఆ వెంటనే నేషన్ ఆఫ్ ఇస్లాంలో ఉన్నానని చాటాడు. క్లే అన్నది బానిసపేరని వదిలేశాడు. చాలా పత్రికలు ఏళ్ల తరబడి పాతపేరే రాశాయి. 1967లో ఎర్నీ టెరెల్ కూడా క్లే అనే పిలిచాడు. రింగులో అతణ్ణి కొడుతూ 'నా పేరేంటి?' అని అడిగాడు అలీ.

ఆ ఏడాదే వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నాడు. టైటిల్ లాక్కున్నారు. అయిదేళ్ల జైలుశిక్ష వేశారు. అప్పీలు మీద బయటే ఉన్నా, మూడేళ్లకు పైగా రింగు ఎక్కనివ్వలేదు. 1971లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్‌ను పడగొట్టి టైటిల్ మళ్లీ గెలుచుకున్నాడు. 1996లో అట్లాంటాలో, పార్కిన్సన్ జబ్బుతో వణికే చేతులతో ఒలింపిక్ జ్యోతి వెలిగిస్తే అదే అమెరికా చప్పట్లు కొట్టింది. అప్పటికి ఆ నోట మాట సరిగా రావడం లేదు.

2022లో ఇస్తాంబుల్‌లో నిజామాబాద్ నిఖత్ జరీన్ 52 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియనైంది. ఊరూవాడా 'మనమ్మాయి' అన్నారు. నా కళ్లు చెమ్మగిల్లాయి. మరి ఏ పతకమూ తేని సాయిబుల పిల్లను పేరుపెట్టి పిలవడానికి ఏం అడ్డమొస్తోంది?